బీరన్న ఎక్కిన ఓడ

మందలో ఒక గొర్రె చస్తే అది దాని ఖర్మ. ఒకే వారంలో రెండు చస్తే అది రోగం. రెండోది పడిన రోజు కారణం వెతుక్కుంటూ కూర్చోకుండా మిగిలిన మందను సంతకు తోలాలి. మా నాయన నాకిచ్చిన ఆస్తి ఈ ఒక్క మాటే. దీని మీదే నేను తాండూరులో గొర్రెల వ్యాపారం, ఉన్ని వ్యాపారం నిలబెట్టాను. చిటుకు రోగం వచ్చిన ఏడు తోటి వ్యాపారులు పసర్లు పోయిస్తూ, బీరప్పకు మొక్కులు మొక్కుతూ మందలకు మందలు పోగొట్టుకున్నారు. నేను రెండోది పడిన పూటే తోలేశాను. కొన్నవాడి సంగతి ఏమయిందని అడగకండి. వాడు కోయడానికే కొన్నాడు.

ఓడల విషయంలో కూడా నేను వేసింది ఈ లెక్కే. తప్పు వేశానని ఇప్పటికీ అనుకోను. ఫలితం మాత్రం సంతలో వచ్చినట్టు రాలేదు.

మా అక్క కొండమ్మది మోమిన్‌పేట్ దగ్గరి పల్లె. పోలీస్ యాక్షన్ జరిగిన ఏడు ఆమె మొగుడు బావిలో పూడిక తీస్తుంటే ఒడ్డు కూలి ఊటనీళ్లలో కూరుకుపోయాడు. పైకి తీసేసరికి పొద్దు గూకింది. అక్క బావి గట్టు మీదే కూర్చుని, తాడు పైకి వచ్చినప్పుడల్లా లేచి నిలబడి, వట్టి బురద గంప చూసి మళ్లీ కూర్చుంది. ఆ తర్వాత ఆమె ఏ బావిలోనూ చేద వేయలేదు. పక్కింటి వాళ్లు చేది పోస్తే కుండ నెత్తినపెట్టుకుని వచ్చేది. నాలుగేళ్ల కొడుకు బీరన్నను నా దగ్గరికి పంపింది. వాడు నా ఇంట్లో పెరిగాడు, తాండూరు బడిలో చదివాడు, సంతలో నా పక్కన కూర్చుని పళ్లు చూసి గొర్రె వయసు చెప్పడం నేర్చుకున్నాడు. నాకు బిడ్డ పుట్టినప్పుడే, ఈశ్వరమ్మను వాడికే ఇవ్వాలనుకున్నాం. మేనరికం మాలో మామూలే. కొత్త ఇల్లు వెతకనక్కరలేదు, గుణం ఎలాంటిదో అని దడ ఉండదు. ఎటు చూసినా మంచి బేరం.

పదో తరగతి అయ్యాక వాడు హైదరాబాదు పోయి నేవీలో భర్తీ అయ్యాడు. నేను వద్దనలేదు. సర్కారు జీతం వానలు లేని ఏడు కూడా వస్తుంది. అక్క ఒక్కటే అడిగింది, ఓడ నీళ్ల మీదనే తేలుతుందా అని. తేలుతుందన్నాడు. అయితే పో అంది.

అరవై ఆరులో, రష్యా పోయే ముందు సెలవు మీద వచ్చాడు. అప్పుడే ఈశ్వరమ్మకు, వాడికి పూలుపండ్లు పెట్టి సంబంధం ఖాయం చేశాం. ఆ సెలవంతా వాడు అక్కకు ఓడల సంగతులు చెబుతూనే ఉన్నాడు. అప్పటిదాకా మన నేవీ ఓడలన్నీ ఇంగ్లండు వాళ్లు వాడినవో, వాళ్ల నక్షా మీద కట్టినవోనట. ఇప్పుడు రష్యా వాళ్లు కొత్తవి ఇస్తున్నారట. అందులో పెట్యా అనే రకం ఓడ మీద తనకు పని అన్నాడు. చిన్నదే కానీ విమానం ఇంజను లాంటిది ఉందట, ఉరికితే అందదట. నీళ్ల కింద దాక్కుని వచ్చే ఓడలను పసిగట్టి పట్టుకోవడం దాని పనట. పెట్యా అంటే ఏందిరా అని అక్క అడిగితే, రష్యాలో పిల్లగాణ్ణి ముద్దుగా పిలిచే పేరన్నాడు. అక్కకు అది బాగా నచ్చింది. ఆనాటి నుంచి మా పెట్యా, మా పెట్యా అని, ఇంట్లో సాదుకునే మేకపిల్లను గురించి చెప్పినట్టు ఊరందరికీ చెప్పేది.

నాకు మాత్రం ఒకటి కొట్టొచ్చినట్టు కనబడింది. పెట్యాను పొగిడేటప్పుడు వాడు తల్లి ముఖం చూడడం లేదు. పక్కచూపులు చూస్తూ సరుకును పొగిడేవాణ్ణి నేను రోజూ చూస్తాను.

మరునాడు సంతకు తీసుకుపోయాను. మా సంతలో ధర నోటితో చెప్పరు. అమ్మేవాడు, కొనేవాడు చేతులు కలిపి మీద రుమాలు కప్పుకుంటారు. ఆ కింద వేళ్లు పట్టుకుని, నొక్కి, విడిచి బేరం చేసుకుంటారు. పక్కవాడికి తెలియదు. తెలియనివ్వకూడదు. నోటితో ఎన్ని అబద్ధాలైనా ఆడొచ్చు గానీ రుమాలు కింద ఆడకూడదు. అక్కడ తెలిసినది మూడోవాడికి చెబితే ఆ మనిషికి మళ్లీ ఎవరూ చేయి ఇవ్వరు. బీరన్నకు ఇదంతా చిన్నప్పుడే తెలుసు.

వాడి చేయి పట్టుకుని రుమాలు కప్పాను. నా చూపుడువేలు అడ్డంగా, నీటి మట్టంలా నిలిపాను. వాడి అరచేయిని ఓడలా దాని మీద పెట్టాను. వాడు కాసేపు అలాగే ఉంచాడు. ఆ తర్వాత మెల్లగా తీసి, అరచేయిని నా వేలి కిందికి తెచ్చి ఆనించాడు.

"అమ్మకు తెల్వొద్దు మామా," అన్నాడు, గొర్రెల వైపే చూస్తూ. "బావి సంగతి నీకెరుకే. మా ఆఫీసర్లు గుడ ఎవలకు చెప్పొద్దన్నరు."

"రుమాల్ కిందిది రుమాల్ కిందనే ఉంటది," అన్నాను.

చెప్పనని మాట ఇవ్వడం సులువే. తెలిసిన దానితో ఒంటరిగా ఉండడమే కష్టం. వాడు రైలెక్కాక అది నాకు తెలిసింది.

తెలియని సరుకులో దిగితే ముందు దాని గురించి తెలుసుకోవాలి. తాండూరు స్టేషన్ సిగ్నల్ కేబిన్‌లో ఏసుదాసు పనిచేస్తాడు. పెద్ద యుద్ధం రోజుల్లో బొంబాయి నుంచి పోయే జంగీ ఓడ మీద బాయిలరుకు బొగ్గు ఎగదోసిన మనిషి. రష్యా వాళ్ల రంగుల పత్రిక తెప్పించుకుంటాడు. నున్నటి కాగితం, పిల్లల పుస్తకాలకు అట్టలు బాగా వస్తాయని తెప్పించినా, అట్ట వేసే ముందు చదువుతాడు. సాయంత్రాలు ఆయన దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాను. పెట్యా సంగతి అడుగుతున్నట్టే మొదలుపెట్టి నీళ్ల కింది ఓడల దగ్గరికి తెచ్చేవాణ్ణి.

ఏసుదాసు చెప్పింది ఇది. ఒకే నక్షా మీద ఒకదాని వెనక ఒకటి కట్టిన ఓడలన్నీ కలిపి ఒక క్లాసు. రష్యా వాళ్లు ప్రతి నక్షాకు ఒక నంబరు పెట్టుకుంటారు, బయటికి చెప్పరు. చెప్పరు కనుక అమెరికా, ఇంగ్లండు వాళ్లు తమకు తోచిన పేర్లు పెట్టారు. నీటి కింద పోయేవాటికి వైర్‌లెస్‌లో అక్షరాలు చెప్పేటప్పుడు పలికే మాటలనే పేర్లుగా పెట్టారు. విస్కీ అనేది పాత రకం, చిన్నది. ఫాక్స్‌ట్రాట్ దాని తర్వాత వచ్చింది, ఇంకా పొడుగు, ఇంకా దూరం పోతుంది. మనకు ఇచ్చేది ఈ ఫాక్స్‌ట్రాటేనట.

నాకు సులువుగానే అర్థమయింది. మా మందల్లో కూడా ఒక్కొక్కరిది ఒక్కో చెవి కోత. చెవి చూస్తే ఏ మందదో, ఏ పొట్టేలు సంతతో తెలుస్తుంది. అందుకే అడిగాను.

"ఈ ఫాక్స్‌ట్రాట్ మందల ఇప్పటిదాంక ఏదన్న సచ్చిందా?"

"సస్తే రష్యావోడు నీకు చెప్తడా సేటూ?" అన్నాడు ఏసుదాసు, లాంతరు గాజు తుడుస్తూ.

ఆయన తమాషాకే అన్నాడు. చచ్చిన సంగతి చెప్పని వాడి మందలో నా మేనల్లుడు ఉన్నాడు.

అరవై ఎనిమిది జనవరిలో అది వచ్చింది. నేను చదివేది ఉర్దూ పేపరు. అందులో నీటి కింది ఓడను ఆబ్‌దోజ్ అంటారు. ఇజ్రాయిల్ వాళ్ల ఆబ్‌దోజ్ ఒకటి మధ్యధరా సముద్రంలో జాడ లేకుండా పోయిందని వేశారు. పోనీలే, ఒకటే గదా అనుకున్నాను. ఆ వార్త చల్లారకముందే, అదే సముద్రంలో ఫ్రాన్సు వాళ్లది ఒకటి మునిగి పైకి రాలేదని వచ్చింది.

ఒకే వారంలో రెండు.

దుకాణం తెరిచి ఉండగానే వదిలేసి కేబిన్‌కు పోయాను. ఏసుదాసు పేపరు విని తల అడ్డంగా ఊపాడు.

"ఇజ్రాయిల్‌ది ఇంగ్లండోడు వాడి అమ్మిన పాత సామాను. ఫ్రాన్సుది ఫ్రాన్సోడే కట్టుకున్నడు. మనది రష్యాది. మూడూ మూడు జాతులు. ఒకదాని రోగం ఇంకోదానికి యాడ అంటుతది?"

"చిటుకు రోగం చెవికోత చూసి వస్తదా?"

"ఇనుముకు రోగమేంది సేటూ," అని నవ్వబోయి ఆగాడు. నా ముఖంలోకి చూశాడు. "పెట్యా మీద ఉన్నోని కోసం నీకు గింత ఫికరెందుకు?"

నేను కందుల ధర గురించి ఏదో మాట్లాడాను. ఏసుదాసు తెలివైనవాడు. మళ్లీ ఆ ప్రశ్న అడగలేదు. ఆనాటి నుంచి నేను పోగానే, అడగకుండానే నీళ్ల కింది ఓడల మాటే ఎత్తేవాడు.

అప్పటికి మన ఓడ ఇంకా రష్యా రేవులోనే ఉంది. బయలుదేరలేదు కదా అని ఊరుకున్నాను. రెండు పడ్డాక ఊరుకోవడం నా జన్మలో అదే మొదటిసారి. అక్కకు బీరన్న ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. మంచు గురించి, నల్లరొట్టె గురించి, ఎర్రగడ్డతో కాచే పులుసు గురించి రాసేవాడు. పెట్యా బాగుందని రాసేవాడు.

ఎండాకాలంలో పేపర్లో వేశారు, రష్యా కట్టిచ్చిన మన మొదటి ఆబ్‌దోజ్ ఇండియాకు బయలుదేరిందని. దగ్గరి దారి సూయజ్ కాలువ. అది అంతకుముందు ఏడు జరిగిన యుద్ధంతో మూతపడింది. అందుకని ఆఫ్రికా మొత్తం చుట్టి రావాలి. ఈశ్వరమ్మ బడి మ్యాపు మీద దారం పెట్టి చూశాను. ఒక ఉండ దారం సరిపోలేదనిపించింది. ఇంకా ఓడ ఆ దారంలో ఎక్కడో ఉండగానే మూడో వార్త వచ్చింది. ఈసారి అమెరికా వాళ్లది. కొత్తది. అణుశక్తితో నడిచేది. లోకంలో అందరికంటే కలవాడి మందలో పడింది.

ఇక నేను లెక్క వేశాను. పూలుపండ్లు అయిన పిల్లకు పెండ్లికి ముందే పిల్లవాడు పోతే ఆ పిల్ల ఏమిటి? ముత్తయిదువ కాదు, కన్య అని కూడా అనిపించుకోదు. మొగుణ్ణి మింగిందంటారు. మంచి ఇంటివాళ్లు ఆ గడప తొక్కరు. వార్త రాకముందే సంబంధం మారితే అదేమంత వింత కాదు. ఇచ్చిపుచ్చుకోవడాల్లో తేడా వచ్చిందంటే నలుగురు రెండు రోజులు అనుకుని మరిచిపోతారు. సరుకుకు వార్త ముందు ఒక ధర, వార్త తర్వాత ఒక ధర. వాణ్ణి నేను కొడుకులా సాకాను. నిద్ర మధ్యలో లేచి ఆ మ్యాపు తీసి చూసిన రాత్రులున్నాయి. అయినా వాడి కోసం నేను చేయగలిగింది ఏమీ లేదు. బిడ్డ కోసం చేయగలిగింది ఉంది.

వికారాబాదులో హన్మయ్య అని మా కులపాయన, సంతలో దలాలీ చేస్తాడు. కొడుకు నర్సింహులు రైల్వేలో గుమాస్తా. లోగడ ఒకసారి ఈశ్వరమ్మను అడిగాడు. ఇప్పుడు నేనే కబురు పంపాను. నా భార్య బుగ్గమ్మ, మీ అక్కకు చెప్పినవా అని అడిగింది. బేరం తెగాక చెబుతానన్నాను. ఆమె ఆ పూట నా కంచం విసురుగా పెట్టింది.

ఉన్ని బాకీల పని ఉందని చెప్పి ఈశ్వరమ్మను ప్యాసింజరు బండిలో వికారాబాదు తీసుకుపోయాను. హన్మయ్య భార్య మంచినీళ్లు ఇస్తూ పిల్ల జడ చేత్తో పట్టి పొడుగు చూసింది. గాజుల కొలత అడిగింది. ఈశ్వరమ్మకు అప్పుడు తెలిసింది. తిరుగు బండి ధారూర్ దాటాక అడిగింది.

"బావకేమన్న అయిందా నాయినా?"

ఏమీ కాలేదన్నాను. మరెందుకని అడిగింది. రెండు చోట్ల మాట ఉంచుకుంటే నష్టం లేదు బిడ్డా అన్నాను.

"రెండు సంతలల్ల నిలవెట్టిన గొర్రెను ఎవడు కొంటడు?" అంది.

సంతలో ధర దాచవచ్చు గానీ బేరానికి కూర్చున్న సంగతి దాగదు. హన్మయ్య ఆనందం ఆపుకోలేక వికారాబాదు సంతలో నలుగురితో చెప్పాడు. మోమిన్‌పేట్ వైపు గొర్రెల కాపరి ఎవరో విన్నాడు. సంత మరునాడే మధ్యాహ్నం బండికి అక్క తాండూరులో దిగింది.

దుకాణంలోకి వచ్చి ఉన్ని బస్తా మీద కూర్చుంది. బుగ్గమ్మ నీళ్లిస్తే ముట్టలేదు. ఈశ్వరమ్మ తలుపు దగ్గర నిలబడింది.

"పీనుగ ఎప్పుడొస్తది?" అంది అక్క.

నాకు అర్థం కాలేదు. ఎవరి పీనుగ అన్నాను.

"నా కొడుకుది. సముద్రంల పోతే పీనుగ ఇస్తరా, ఇయ్యరా? జెప్పు తమ్మీ. నేను ఏడ్వను."

"ఎవలు చెప్పిన్రు నీకు? వాడు మంచిగున్నడు."

"నువ్వే చెప్పినవ్. నోటితోని చెప్తెనే చెప్పినట్టా? నువ్వు బుద్ధెరిగినసంది ఒక్క బేరం ఇడిసి ఇంకో బేరానికి పోలె. పోయినవంటే ఆ సరుకు చెడ్డట్టే. నాయిన నీ ఒక్కనికే నేర్పలె, నేను గుడ పక్కనే కూసున్న."

నేను హన్మయ్య లెక్క వేశాను, కులం లెక్క వేశాను, ఆఫ్రికా చుట్టుకొలత లెక్క వేశాను. నేను వికారాబాదు బండి ఎక్కితే మా నాయన బిడ్డ అయిన అక్కకు అది ఎలా కనబడుతుందో ఆ లెక్క వేయలేదు. ఊరంతా నా పనిని పేరాశ అనుకుంటుంది. ఈ ఒక్క మనిషి మాత్రం దాన్ని చావు కబురుగా చదువుతుంది.

ఈశ్వరమ్మ తల మీద చేయి పెట్టి, బతికే ఉన్నాడని ఒట్టు పెట్టాను.

"బతికుంటే ఎందుకిడిసినవ్?" అంది.

ఇక రెండే దారులు. నోరు మూసుకుంటే ఆమె కొడుకు చచ్చాడనే నమ్ముతుంది. తెరిస్తే రుమాలు మాట పోతుంది. సంతలో అడుగుపెట్టిన నాటి నుంచి నేను ఆ మాట తప్పలేదు.

"వాడు పెట్యా మీద లేడక్కా," అన్నాను. "నీళ్ల కింద పోయే ఓడల ఉన్నడు."

మిగిలిందంతా చెప్పాను. సంతలో చేతులు కలిపింది, జనవరిలో రెండు పోయింది, మొన్న మూడోది పోయింది, మనది ఇంకా దారిలో ఉంది. ఈశ్వరమ్మ తలుపు చెక్క గట్టిగా పట్టుకుంది. అక్క బస్తా చిరుగులోంచి ఉన్ని పోగు లాగి, వేళ్ల మధ్య సన్నగా పురిపెడుతూ కూర్చుంది. అది తెగేదాకా పురిపెట్టింది.

"కింద ఊపిరెట్ల తీసుకుంటరు?" అని అడిగింది.

నాకు తెలిసిన దానికంటే ఏసుదాసు బాగా చెబుతాడని నలుగురం కేబిన్‌కు పోయాం. మమ్మల్ని చూడగానే ఆయనకు సంగతి తెలిసిపోయింది. స్టూలు తుడిచి అక్కకు వేశాడు. ఓడ కిందికి పోయినప్పుడు బ్యాటరీల మీద నడుస్తుందని, బ్యాటరీ అయిపోవచ్చినప్పుడు పైపైకి వచ్చి ఒక గొట్టం నీటి మీదికి ఎత్తి గాలి పీల్చుకుంటుందని, అప్పుడు డీజిల్ ఇంజన్లు నడిపి బ్యాటరీ నింపుకుంటుందని చెప్పాడు. వెనక మూడు పంకాలుంటాయట. డెబ్బై మందికి పైగా ఉంటారట, ఒకడు డ్యూటీకి లేస్తే వాడి పరుపు మీద ఇంకొకడు పడుకుంటాడట.

"పైకి వస్తదన్నట్టు," అంది అక్క.

"రావాలెనమ్మా. రాకుంటే నడ్వది."

"రమ్మని ఎవలు చెప్తరు?"

"లోపల కెప్టెన్ ఉంటడు. గడియారం చూస్తడు, గాలి చూస్తడు, చెప్తడు."

అక్క పట్టాల వైపు చూసింది. "బావిల ఆయనకు పైకి రమ్మని చెప్పెటోడు లేకుండె," అంది. స్టూలు మీద ఇటు తిరిగి, "పెట్యా పనేంది? గిసుమంటి ఓడలను వెతికి పట్టుడే గద?" అని అడిగింది.

ఏసుదాసు అవునన్నాడు.

"చూడు వాని తెలివి. పిల్లిని నాకు చూపెట్టి వాడు ఎల్కల దూరిండు."

ఆమె పెదవి చివర కొంచెం నవ్వింది. అప్పుడే నా వైపు తిరిగింది.

"పిల్లను ఆపకు తమ్మీ. పొద్దుగూకెదాంక గట్టు మీద నేను కూసున్న. ఈ పిల్లను కూసోవెట్ట. రేపు నేనే హన్మయ్య దగ్గరికొచ్చి మా దిక్కుకెల్లి అడ్డం లేదని చెప్త. నీ మాట పోదు."

నేను దొంగచాటుగా తీసుకోవాలనుకున్నది ఆమె చేతికి ఎత్తి ఇచ్చింది. నాకు ఊరట కలగాలి. ఊరికే వచ్చిన సరుకు తూకం ఎప్పుడూ నమ్మబుద్ధి కాదు. నాకు అలాగే ఉంది. అయినా సరేనన్నాను.

మరునాడు ముగ్గురం వికారాబాదు పోయాం. ఈశ్వరమ్మను రావద్దన్నాను. వస్తానంది. హన్మయ్య ఇంట్లో అక్క చాప మీద కూర్చుని, తన కొడుకు నీళ్ల కింది ఓడలో ఉన్నాడని, ఎప్పుడు వస్తాడో తెలియదని, ఈశ్వరమ్మను తాము ఆపడం లేదని తడబడకుండా చెప్పింది. హన్మయ్య ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"నువ్వు పెద్ద మనసు చేసినవ్ అక్కా. ఎట్లయినా అది పోయిన సరుకే గద. మంచి టైముల తేలిపోయింది," అన్నాడు. "బిచ్చయ్యన్నా, మరి ఆషాడం రాకముందే మాట అనుకుందామా?"

పోయిన సరుకు. ఆ మాట నేను ఎన్నిసార్లు అనుకోలేదు? ఇంకొకడి నోటి వెంట వింటుంటే చెవి కోసినట్టయింది. అందరూ నా వైపు చూశారు. అక్క కూడా. నేను తల ఊపాను. వేసిన లెక్కకు అదే జవాబు.

బస్టాండుకు అక్కను సాగనంపడానికి వచ్చాం. మోమిన్‌పేట్ బస్సు నిండుగా ఉంది. అక్క ఎక్కి, సంచి కాళ్ల దగ్గర పెట్టుకుని, కిటికీలోంచి నాకేదో చెప్పబోతోంది. ఈశ్వరమ్మ నా పక్క నుంచి కదిలి మెట్టు ఎక్కింది. సంచి అందివ్వడానికేమో అనుకున్నాను. పోయి అక్క పక్కన కూర్చుంది.

"యాడికి బిడ్డా?" అన్నాను కిటికీ దగ్గరికి పోయి.

"అత్తగారింటికి."

తాళి పడకముందు పిల్ల అత్తవారి గడప తొక్కితే, మాలో ఇక ఆ పిల్లను ఎవరూ అడగరు. చిన్నపిల్లకు కూడా తెలిసిన సంగతి. అక్క రెండు చేతులతో ఆమె భుజం నెట్టింది.

"దిగు బిడ్డా. నీకెరుక లేదు. కాలు వెట్టినవంటే మళ్ల ఎన్కకు రాదు. వాడొస్తడో రాడో."

"వస్తె ఇంట్ల మనిషుండొద్దా?" అంది ఈశ్వరమ్మ. "రాకుంటె నీకు నీళ్లు చేదిపోసెటోళ్లుండొద్దా?"

అక్క చేతులు అలాగే ఆగిపోయాయి. కండక్టరు తోసుకుంటూ వచ్చి, ఎక్కేదెవరు దిగేదెవరు, ఇది మీ ఇంటి అరుగా అని కసిరాడు. టికెట్టు ఎవరు తీస్తారని అడిగాడు. అక్క కొంగుముడి విప్పబోయింది. ఈశ్వరమ్మ నా వైపు చూసింది. బతిమాలలేదు, భయపడనూ లేదు. సంతలో ఆఖరి ధర చెప్పాక అమ్మేవాడు చూసే చూపు అది. ఇష్టముంటే పట్టు, లేకుంటే చేయి తీసెయ్.

నా దగ్గర లెక్కకు అందేది ఏమీ మిగల్లేదు. ఓడ ఆ పూట ఆఫ్రికా ఏ అంచున ఉందో తెలియదు. పైన ఉందో కింద ఉందో తెలియదు. ఆ మందలో ఇంతకుముందు ఎన్ని చచ్చాయో చెప్పేవాడు లేడు. ఏమీ తెలియకుండా బేరంలోకి చేయి పెట్టేవాణ్ణి నేను ఎప్పుడూ పిచ్చివాడనే అన్నాను.

కిటికీలోంచి చేయి చాపి కండక్టరుకు పైసలు ఇచ్చాను.

"ఇద్దరికి," అన్నాను. "మోమిన్‌పేట్."

బస్సు పోయింది. దుమ్ము తగ్గేదాకా అక్కడే నిలబడ్డాను. ఆ తర్వాత హన్మయ్య ఇంటికి వెనక్కి నడిచాను. ఆయన అప్పుడే పంచాంగం తెరిచి కూర్చున్నాడు. చెప్పులు విడవకుండా గడప బయటే నిలబడి, పిల్ల అత్తవారింటికి పోయిందని చెప్పాను.

హన్మయ్య ముఖం మాడ్చుకున్నాడు. వార్త ఏమన్నా వచ్చిందా, పిల్లగాడు చేరాడా అని అడిగాడు.

రాలేదన్నాను.

"రేపు వాడు రాకుంటె నా దర్వాజ కొట్టకు బిచ్చయ్యన్నా," అన్నాడు.

"కొట్టనే కొట్ట," అన్నాను.